వేటకి 36 ఎకరాలు చూశాం. బ్యాంకు లోనా, ఓనర్ ఫైనాన్సా? కొన్న అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

ఫ్రిస్కో_గుంటూరోడు:

నమస్తే అందరికీ. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా టీమ్‌లో ఉన్న టెక్సాస్ పెద్దాయన ఒకాయనతో మూడేళ్ళుగా డీర్ సీజన్‌కి, అంటే జింకల వేట కాలానికి, ఆయన లీజు భూమికి వెళ్తున్నాను. మొదటి ఏడు ఊరికే పక్కన కూర్చుని చూశా, రెండో ఏడు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి లైసెన్సు తీసుకున్నా, పోయిన నవంబర్‌లో మొదటి జింక పడింది. అప్పట్నుంచి పిచ్చి పట్టుకుంది. ఈయనేమో రిటైరైపోయి లీజు వదిలేస్తున్నాడు. దాంతో నేనూ ఇంకో ఇద్దరు ఫ్రెండ్సూ కలిసి సొంతంగా కొనుక్కుంటే పోలా అనుకున్నాం.

టెక్సాస్‌లోనే రెడ్ రివర్ కౌంటీలో ఒక ముక్క చూశాం, ఫ్రిస్కోలో మా ఇంటి నుంచి రెండు గంటలు. 36 ఎకరాలు, ఎకరా 7,900 చొప్పున మొత్తం 2,84,400 డాలర్లు అడుగుతున్నారు. సగం ఓక్ చెట్లు, సగం పాత మేత భూమి, మధ్యలో చిన్న వాగు, ఒక కుంట. పక్కాయన ఆవులు మేస్తున్నాయి కాబట్టి యాగ్ వాల్యుయేషన్ (వ్యవసాయ భూమిగా లెక్కగట్టి తక్కువ ఆస్తిపన్ను వేయడం) ఉందట. మ్యాప్‌లో చూస్తే స్కేలు బద్దలాగా ఉంటుంది, 500 అడుగుల వెడల్పు, 3,100 అడుగుల పొడవు. గేటు దక్షిణం కొసన. రోడ్డు నుంచి గేటు దాకా పావు మైలు పక్కాయన భూమిలోంచి వెళ్ళాలి. 30 ఏళ్ళుగా అందరూ వాడుతున్న దారే, ఏం ఇబ్బంది లేదని ఏజెంటు అంటున్నాడు.

మా ఇంటి లోను ఉన్న బ్యాంకుని అడిగితే ఖాళీ భూమికి ఇవ్వం అన్నారు. పల్లె భూములకి లోన్లిచ్చే ఒక సంస్థ 20 శాతం డౌన్ పేమెంట్, 20 ఏళ్ళు, 8 శాతం అంది. అమ్మేవాడు మాత్రం 10 శాతం డౌన్ కడితే తానే ఫైనాన్స్ చేస్తా, 10.5 శాతం వడ్డీ, 30 ఏళ్ళ లెక్కన నెలకి కట్టుకుంటూ పోయి ఐదో ఏడు చివర్లో మిగిలింది మొత్తం కట్టేయాలి అంటున్నాడు. క్రెడిట్ చెక్ కూడా లేదట. నాకు రెండోదే తేలిగ్గా ఉంది, ఐదేళ్ళలో ఎలాగూ రీఫైనాన్స్ చేస్తాం కదా అని.

ఇంకో ఆలోచన కూడా ఉంది, నది దాటితే ఓక్లహోమాలో అదే డబ్బుకి 60 ఎకరాలు వస్తోంది. నేను హెచ్1బి వీసా మీద ఉన్నా, గ్రీన్ కార్డు దారిలో ఐ140 అనే మెట్టు అయింది. ఒక ఫ్రెండ్‌కి గ్రీన్ కార్డు, ఇంకొకడు సిటిజెన్.

మా అమ్మకి ఫోన్‌లో చెప్తే "పంట పండని భూమికి అంత డబ్బా, అదీ అడవి పందులున్నచోటా" అంది. ఆవిడకి నేను జవాబు చెప్పలేకపోయా, మీరైనా చెప్పండి.

పైనీవుడ్స్_పెదబాబు:

తమ్ముడూ, ముందు ఆ స్కేలు బద్ద సంగతి మాట్లాడుకుందాం, వడ్డీ సంగతి తర్వాత.

500 అడుగులంటే 166 గజాలు. సరిగ్గా మధ్యలో కూర్చున్నా అటు 83, ఇటు 83. నీ చేతిలో రైఫిల్ గుండు మైలు పైన పోతుంది. టెక్సాస్‌లో వేటాడుతూ కాల్చిన గుండు పక్కవాడి రాతపూర్వక అనుమతి లేకుండా హద్దు దాటిందంటే అది నేరం, జింకకి తగిలి దాటినా, తప్పిపోయి దాటినా. అంటే ఆ భూమిలో నువ్వు పొడుగు వైపు, ఉత్తరానికో దక్షిణానికో మాత్రమే తుపాకీ తిప్పగలవు. 36 ఎకరాలకి డబ్బు కట్టి రెండు దిక్కులు కొనుక్కుంటున్నావు.

ఇక గాలి. మన దగ్గర సీజన్‌లో సగం రోజులు దక్షిణపు గాలే, ఉత్తరం నుంచి చలి గాలి దిగినప్పుడే తిరుగుతుంది. నీ గేటు దక్షిణాన ఉంది. నువ్వు గేటు తీసి లోపలికి అడుగు పెట్టేసరికి నీ చెమట, నీ కాఫీ, నీ కారు వాసన మొత్తం 3,100 అడుగులూ నీకంటే ముందే నడిచి వెళ్తాయి. ఇరుకు ముక్క కాబట్టి చుట్టూ తిరిగి వెళ్ళడానికి చోటు లేదు. జింక నిన్ను చూడక్కర్లేదు, వాసన వస్తే చాలు, ఫుస్సుమని ఒకసారి ముక్కు ఊది తోక లేపి వెళ్ళిపోతుంది. ఆ ఊదుడు నీకు వినపడిందంటే ఆ పొద్దు అయిపోయినట్టే. నేను జేబులో చిన్న పౌడర్ సీసా పెట్టుకుంటా, ఒక్కసారి నొక్కితే తెల్లటి పొగలా లేచి ఎటు పోతోందో తెలుస్తుంది. భూమి చూడ్డానికి వెళ్ళేటప్పుడు కూడా అది పట్టుకెళ్ళు. కుంట ఎంత అందంగా ఉందో ఫోటోలు తీయడం కాదు, బ్లైండ్, అంటే దాక్కుని కూర్చునే గూడు, ఎక్కడ పెట్టాలి, అక్కడికి గాలికి ఎదురుగా ఎలా నడిచి వెళ్ళాలి, అది చూడాలి.

అసలు స్కేలులాంటి ముక్క ఎందుకొస్తుందో ఆలోచించావా? పెద్ద రాంచ్‌ని (పశువుల్ని మేపే పెద్ద భూమిని) అడ్డంగా బద్దలు కోసి అమ్ముతున్నారన్నమాట. అంటే నీకు అటూ ఇటూ నీలాగే 36 ఎకరాల వాళ్ళు, వాళ్ళకీ నవంబర్ మొదటి శనివారమే ఓపెనింగ్ డే, నీ కంచెకి 40 అడుగుల్లో వాళ్ళ ఫీడర్, జింకలకి మేత వేసే డబ్బా. ఒక మగ జింక తిరిగే మేర వందల ఎకరాలు ఉంటుంది. నీ భూమిలో జింకలుండవు తమ్ముడూ, నీ భూమి మీదుగా వెళ్తాయి. కాబట్టి పక్కవాళ్ళు ఎవరు, వాళ్ళు చిన్న మగ జింకని కూడా పడేసే రకమా, వదిలేసే రకమా అన్నది నీ ఓక్ చెట్లకంటే ముఖ్యం.

నేను తొమ్మిదేళ్ళ క్రితం 52 ఎకరాలు కొన్నా, ఈస్ట్ టెక్సాస్‌లో. ఆకారం చతురస్రానికి దగ్గరగా ఉంటుంది, అదొక్కటే నేను తెలివిగా చేసిన పని. దారి విషయంలో మాత్రం దెబ్బ తిన్నా. మా గేటుకి గొలుసు, ఆ గొలుసులో ఐదు తాళాలు ఒకదానికొకటి కొక్కెంలా వేసి ఉంటాయి, ఎవరి తాళం వాళ్ళు తీసుకుని వెళ్ళొచ్చు. మొదటి నెలలో చీకట్లో బయటికి వస్తూ నా తాళాన్ని పక్క తాళానికి వేయకుండా గొలుసు చివరి రింగుకి వేసేశా. తెల్లారేసరికి పక్కాయన బయట, ఆయన ఆవులు లోపల, మేత ట్రక్కు రోడ్డు మీద. కట్టర్‌తో గొలుసు కోశాడు. తర్వాత ఫోన్ చేసి చాలా మర్యాదగా ఒక మాట అన్నాడు, "ఆ దారి నాది, నీకు రాతలో ఏముంది?" అని. రాతలో ఏమీ లేదు. లాయరు, సర్వే, ఆయనకిచ్చిన పరిహారం, అన్నీ కలిపి ఆ పావు మైలు దారికి నేను పెట్టింది ఒక కొత్త ట్రాక్టర్ ఖరీదు.

నువ్వు గుంటూరోడివి కదా, ఇదేదో మన ఊరి డొంక అనుకోకు. డొంక ప్రభుత్వానిది, ఎవరైనా బండి తోలుకోవచ్చు. ఇక్కడ 30 ఏళ్ళు వాడినా, ఆ భూమి యజమాని కూడా అదే దారి వాడుకుంటూ ఉంటే నీకు హక్కు రాదు, టెక్సాస్ కోర్టులు ఈ విషయంలో చాలా గట్టి. కౌంటీ క్లర్క్ ఆఫీసులో ఈజ్‌మెంట్, అంటే పక్కవాడి భూమిలోంచి వెళ్ళే దారి హక్కు, రిజిస్టర్ అయి ఉందా లేదా, అంతే. ఏజెంటు మాట కాదు, వాల్యూమ్ నంబరు, పేజీ నంబరు అడుగు.

లోన్_లెక్కలమ్మాయి:

పెదబాబు గారు చెప్పినదానికి నేను కలిపేది డబ్బు సంగతే. పల్లె భూముల లోన్లు చూసే ఆఫీసులో ఎనిమిదేళ్ళుగా పని చేస్తున్నాను, అందుకని కొంచెం లెక్కలేస్తా, విసుక్కోకండి.

మీ ఇంటి బ్యాంకు వద్దనడంలో వింత లేదు. ఇంటి లోన్లని కొనే పెద్ద సంస్థలు ఖాళీ భూమిని ముట్టుకోవు, కాబట్టి బ్యాంకు ఆ లోను ఇస్తే తన దగ్గరే పెట్టుకోవాలి. అందుకే వడ్డీ ఎక్కువ, డౌన్ ఎక్కువ. ఈ పని చేయడానికే ఫార్మ్ క్రెడిట్ వ్యవస్థ ఉంది, 1916 చట్టంతో మొదలైంది, అప్పు తీసుకున్నవాళ్ళే సభ్యులుగా ఉండే సహకార సంఘాలు. వేటకి కొనే భూమికి కూడా ఇస్తాయి. సంఘానికి లాభం వస్తే ఏడాది చివర కొంత వెనక్కి కూడా రావచ్చు, కాబట్టి పైకి కనిపించే వడ్డీకన్నా అసలు వడ్డీ కొంచెం తక్కువ పడుతుంది. మీ కౌంటీలోని చిన్న లోకల్ బ్యాంకుని కూడా అడగండి, ఆ భూమి వాళ్ళకి కళ్ళతో చూసినట్టు తెలుస్తుంది.

ఇప్పుడు మీ రెండు ఆఫర్లు. 20 శాతం డౌన్ అంటే 56,880. మిగతా 2,27,520 మీద 8 శాతం, 20 ఏళ్ళకి నెలకి సుమారు 1,903 డాలర్లు. ఐదేళ్ళు కడితే మిగిలే బాకీ 1,99,000 చిల్లర. అంటే 28 వేల పైన అసలు తీరింది.

ఓనర్ ఫైనాన్స్‌లో డౌన్ 28,440 మాత్రమే, నిజమే. కానీ 2,55,960 మీద 10.5 శాతం, నెలకి 2,341. ఐదేళ్ళలో మీరు కట్టేది లక్షా నలభై వేల పైచిలుకు. ఐదో ఏడు చివర్లో మిగిలే బాకీ ఎంతో తెలుసా? దాదాపు 2,48,000. అసలులో తీరింది 8 వేలు. రీఫైనాన్స్‌కి వెళ్ళినప్పుడు ఏ బ్యాంకైనా మళ్ళీ 20 శాతం మీ వాటా ఉందా అని చూస్తుంది, భూమి ధర పెరగకపోతే అప్పుడు మీరు జేబులోంచి ఇంకో 20 వేలు తీసి పెట్టాలి. ఐదేళ్ళ తర్వాత వడ్డీ ఎంతుంటుందో, మీ ఉద్యోగం ఎక్కడుంటుందో ఎవరికి తెలుసు.

ఇంకోటి, ఓనర్ ఫైనాన్స్ అనగానే పారిపోవక్కర్లేదు, కానీ కాగితం ఏ రకమో చూడాలి. డీడ్ (అమ్మకపు దస్తావేజు) ఇవాళే మీ పేరున రాసి, బాకీకి దాని మీద తాకట్టు పెట్టుకుంటే అది మామూలు పద్ధతి. కాంట్రాక్ట్ ఫర్ డీడ్ అంటే మాత్రం చివరి డాలరు కట్టేదాకా భూమి ఆయన పేరునే ఉంటుంది, మీరు నిజానికి అద్దెకున్నట్టే. ఆయనకే ఆ భూమి మీద పాత లోను ఉందేమో కూడా చూడాలి. మీరు నెలనెలా ఆయనకి కడుతూ ఉంటారు, ఆయన తన బ్యాంకుకి కట్టడం మానేస్తే వేలం మీ భూమికే. క్రెడిట్ చెక్ లేదు, భూమి ఎవరిదో కాగితాలు సరిచూసే టైటిల్ కంపెనీ అక్కర్లేదు, మనిద్దరం కూర్చుని రాసుకుందాం అంటే లేచి వచ్చేయండి.

డౌన్ కోసం ఇంటి మీద హెలాక్ (ఇంటి విలువ మీద తీసే అప్పు) తీస్తామని కొందరంటారు. టెక్సాస్‌లో ఇంటి విలువలో మొత్తం అప్పులు 80 శాతం దాటకూడదు, సరే ఆ లోపల వస్తుందనుకుందాం, కానీ వేట భూమి కోసం పిల్లలు పడుకునే ఇల్లు తాకట్టు పెడుతున్నారని గుర్తుంచుకోండి. హెచ్1బి మీద ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులు. పల్లె భూమి 60 రోజుల్లో అమ్ముడుపోదు, మంచి భూమి కూడా. నేను మీ స్థానంలో ఉంటే డౌన్ కట్టాక కూడా ఏడాది వాయిదాలు బ్యాంకులో ఉంటేనే సంతకం పెడతా. ముగ్గురు కలిసి కొంటున్నారు కాబట్టి ఒకడు బయటికి పోతానంటే ధర ఎలా కట్టాలి, ఎన్నాళ్ళలో ఇవ్వాలి అన్నది ఇప్పుడే రాసుకోండి, స్నేహం బాగున్నప్పుడే. లేకపోతే ఎవడో ఒకడు కోర్టుకెళ్ళి భూమిని పంచమనో అమ్మమనో అడగొచ్చు. 500 అడుగుల వెడల్పుని మూడు చేస్తే ఏమొస్తుందో మీరే లెక్కేసుకోండి.

ఫ్రిస్కో_గుంటూరోడు:

అక్కా, ఐదేళ్ళకి 8 వేలేనా!! నేను ఎక్సెల్‌లో వేసి చూశా, మీరు చెప్పిందే వచ్చింది. రాత్రి నిద్ర పట్టలేదు. ఓక్లహోమా గురించి ఎవరూ చెప్పలేదు, అక్కడ 60 ఎకరాలు, చతురస్రంగానే ఉంది మరి.

తుల్సా_సుబ్బు:

ఓక్లహోమా గురించి నేను చెప్తా. మర్చిపోండి.

ఆ రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది, అమెరికా పౌరుడు కానివాళ్ళు భూమి కొనకూడదని. ఆ రాష్ట్రంలో నిజంగా నివాసం ఉండేవాళ్ళకి మినహాయింపు. నేను తుల్సాలో ఉంటా కాబట్టి గ్రీన్ కార్డు మీదే ఇల్లు కొనుక్కోగలిగా. మీరు ఫ్రిస్కోలో ఉంటూ నది దాటి వేటకి కొంటామంటే హెచ్1బి మీకూ కుదరదు, గ్రీన్ కార్డు ఫ్రెండ్‌కీ కుదరదు. ఇదివరకు ఎవరూ పెద్దగా అడిగేవాళ్ళు కాదు గానీ 2023 నవంబర్ నుంచి ప్రతి డీడ్‌తో పాటు ప్రమాణపత్రం ఇవ్వాలి, అది లేకుండా కౌంటీలో రిజిస్టర్ చేయరు. అందులో అబద్ధం రాసి మీ ఇమ్మిగ్రేషన్ ఫైలుకి తగిలించుకోకండి. సిటిజెన్ ఫ్రెండ్ పేరున కొని లోపల మనం చూసుకుందాం అనే బినామీ ఐడియా వస్తుంది మనవాళ్ళకి, అదీ వద్దు.

వీసా_వేటగాడు:

టెక్సాస్‌లో ఆ గొడవ లేదు. 2025 సెప్టెంబర్ 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో చైనా, ఇరాన్, ఉత్తర కొరియా, రష్యా ఉన్నాయి, ఇండియా లేదు. కానీ రెండు విషయాలు ఎవరూ చెప్పరు, నేను రెండోది ఆలస్యంగా తెలుసుకుని చచ్చినంత టెన్షన్ పడ్డా.

ఒకటి తుపాకీ. హెచ్1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపుల్లో ఒకటి, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు చేతిలో ఉండటం. టెక్సాస్ లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31కి అయిపోతుంది. సెప్టెంబర్ 1న మీరు కొత్తది తీసుకోకపోతే ఇంట్లో అల్మరాలో ఉన్న రైఫిల్‌తోనే మీరు నేరస్థులు. ఇందులో ఇంకో మెలిక ఉంది. సొంత భూమిలోనో, యజమాని ఒప్పుకున్న భూమిలోనో అడవి పందుల్ని కొట్టడానికి లైసెన్సు అక్కర్లేదని టెక్సాస్ 2019లో చట్టం చేసింది. సిటిజెన్ ఫ్రెండ్ "పందులకి లైసెన్సు ఎందుకురా" అంటాడు, వాడి మట్టుకు నిజమే. మనకి మాత్రం ఆ 25 డాలర్ల లైసెన్సే తుపాకీకి ఆధారం. నేను ప్రతి ఆగస్టు 15కి, అంటే జెండా పండగ రోజు, కొత్త సీజన్ లైసెన్సు అమ్మకానికి వచ్చిందో లేదో చూసుకోమని ఫోన్‌లో అలారం పెట్టుకున్నా.

రెండోది, సిటిజెనూ గ్రీన్ కార్డూ కానివాళ్ళు వ్యవసాయ భూమి కొంటే 90 రోజుల్లోపు వ్యవసాయ శాఖకి తెలియజేయాలి. ఎఫ్‌ఎస్‌ఎ 153 అనే ఫారం, భూమి ఉన్న కౌంటీలో ఆ శాఖకే చెందిన ఎఫ్‌ఎస్‌ఎ ఆఫీసులో ఇస్తే చాలు, పావుగంట పని. 1978 నాటి చట్టం, చాలామంది రియల్టర్లకే తెలియదు. మేత భూమి, అడవి భూమి కూడా ఇందులోకి వస్తాయి. పది ఎకరాల లోపు చిన్న ముక్కలకి, పంట ఆదాయం లేకపోతే, మినహాయింపు ఉంది, మీ 36కి లేదు. ముగ్గురూ కలిసి ఎల్‌ఎల్‌సి అనే చిన్న కంపెనీ పెట్టుకున్నా మీ వాటా మూడోవంతు కాబట్టి తప్పించుకోలేరు. మర్చిపోతే జరిమానా భూమి విలువలో 25 శాతం దాకా వేయొచ్చు. నేను 83వ రోజున తెలుసుకుని లంచ్ అవర్‌లో కారేసుకుని వెళ్ళా. ఆఫీసులో ఉన్న ఆవిడ ఆ ఫారం ప్రింట్ తీయడానికి ఇంకొకావిడని పిలిచింది, వాళ్ళకీ అది కొత్తే.

మాంసాహారం_మానేశా:

ఒక మూగజీవాన్ని చంపడానికి మూడు లక్షల డాలర్లా. ఇండియాలో 1972 నుంచి వేట నిషేధం, ఇక్కడికి వచ్చి ఇదేం సరదా అండీ. ఆ డబ్బుతో మీ ఊళ్ళో నాలుగెకరాలు కొనుక్కోండి.

పైనీవుడ్స్_పెదబాబు:

మీ అభిప్రాయం మీది అండి, గౌరవిస్తా. ఇక్కడ వేట లైసెన్సు డబ్బు, ఎన్ని జింకల్ని కొట్టొచ్చనే లెక్క అంతా వేరే పద్ధతి, అది ఇంకో పోస్టులో మాట్లాడుకుందాం. మా ఊళ్ళో వేరుశనగ చేలో అడవి పంది పడ్డ తెల్లారి మా నాన్న మొహం నేను చూశా, నాకు పందుల మీద పెద్దగా దయ లేదు. గుంటూరులో నాలుగెకరాల ధర మీరు ఈమధ్య అడిగినట్టు లేరు.

తమ్ముడూ, యాగ్ గురించి అడిగావో లేదో గుర్తు లేదు, అయినా చెప్తా. అది లేకపోతే ఈ కథే లేదు. నా 52 ఎకరాలకి ఏడాదికి ఆస్తిపన్ను వంద డాలర్ల లోపు, మార్కెట్ ధర మీద వేస్తే 5 వేలు. నీకు ఆవులు పెంచే ఓపిక లేకపోతే వన్యప్రాణుల నిర్వహణ కింద అదే తక్కువ పన్ను ఉంచుకోవచ్చు, 1995లో ఓటర్లు ఒప్పుకున్నదే. ఏడు పనుల్లో మూడైనా ఏటా చేయాలి, పొదలు సరిచేయడం, నేల కోసుకుపోకుండా ఆపడం, పందుల్లాంటివాటిని తగ్గించడం, నీళ్ళు పెట్టడం, మేత పెట్టడం, గూళ్ళు కట్టడం, జంతువుల్ని లెక్కపెట్టడం. నేను పక్షిగూళ్ళు కడతా, పందులకి బోను పెడతా, ఆగస్టు రాత్రులు స్పాట్‌లైట్ వేసుకుని జింకల్ని లెక్కపెడతా, మా ఆవిడ పక్కన కూర్చుని నోట్‌బుక్‌లో గీతలు గీస్తుంది. కానీ దీనికి ముందే యాగ్ ఉండాలి. పైగా పెద్ద రాంచ్ నుంచి కొత్తగా కోసిన ముక్కైతే కనీస విస్తీర్ణం అడుగుతారు, నీ 36 అందులో నిలుస్తుందో లేదో కొనకముందే ఆస్తిపన్నుకి విలువ కట్టే ఆఫీసుకి, అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి, ఫోన్ చేసి అడుగు. ఆ పక్కాయన ఆవులు నీతో ఒప్పందం మీద మేస్తున్నాయా, అమ్మేవాడితో మొహమాటానికి మేస్తున్నాయా అన్నది కూడా. భూమి వాడకం మారిస్తే వెనక మూడేళ్ళ తేడా పన్ను నీ నెత్తిన పడుతుంది.

అలాగే కోసిన ముక్కలకి డీడ్ రిస్ట్రిక్షన్లు, అంటే వాడకం మీద షరతులు, ఉంటాయి. వేట భూమి అని బోర్డు పెట్టి అమ్ముతూ, లోపల కాగితంలో రైఫిల్ కాల్చకూడదని రాసినవి నేను కళ్ళారా చూశా. టైటిల్ కంపెనీ నుంచి టైటిల్ కమిట్‌మెంట్ అనే కాగితం వచ్చాక షెడ్యూల్ బి అనే పేజీ ఉంటుంది, యాజమాన్యానికిచ్చే ఇన్సూరెన్స్ దేనికి వర్తించదో అందులో రాస్తారు. అందరూ సంతకం పేజీ వెతుక్కుంటారు, నువ్వు ఆ పేజీ చదువు. కింద ఖనిజాల హక్కు నీకు రాదు, చాలా భూముల్లో అది తాతల కాలంలోనే విడిపోయింది. ఆయిల్ వాళ్ళు వస్తే నీ బ్లైండ్ పక్కనే రోడ్డేస్తారు, పైభూమి వాడుకునే హక్కు వాళ్ళు వదులుకున్నట్టు రాత ఉంటే తప్ప ఆపలేవు.

శ్రీవారి_ఫీడర్_బాధితురాలు:

అన్నయ్యలందరూ భూమి ధరే చెప్తున్నారు, మిగతాది నేను చెప్తా. మావారు ఆరేళ్ళ క్రితం ఫోర్ట్‌వర్త్ అవతల 40 ఎకరాలు కొన్నారు. తర్వాత గేటు, తర్వాత కంచె, తర్వాత దున్నడానికి పాత ట్రాక్టర్, ఆ ట్రాక్టర్ ఎక్కించడానికి ట్రైలర్, ట్రైలర్ లాగడానికి పెద్ద ట్రక్కు. గ్యారేజీలో నా కారు పెట్టుకోడానికి చోటు లేదు, 50 పౌండ్ల మొక్కజొన్న బస్తాలు పేర్చి ఉంటాయి. బస్తాలకి పురుగు పట్టి వంటింట్లో గోధుమపిండిలోకి కూడా వచ్చింది ఒకసారి. పందులు ఫీడర్ కాళ్ళు పట్టుకుని ఊపి పడేస్తే మళ్ళీ కొత్త ఫీడర్. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి చూసి, "ఇంత దూరం వచ్చి సర్కారు తుమ్మ కొన్నావట్రా" అన్నారు. నిజమే మరి, అక్కడి మెస్కీట్ చెట్టు మన సర్కారు తుమ్మకి చుట్టమేనట.

ఇంత చెప్పి ఇది కూడా చెప్పాలి, మా పిల్లలు ఐప్యాడ్ లేకుండా రెండు రోజులు గడిపేది అక్కడే. కాబట్టి వద్దనను. కానీ మీ ఆవిడకి నెలకి 1,903 అని చెప్పకండి, 2,500 అని చెప్పండి, అదే నిజం.

ముందు ఒక సీజన్ లీజు తీసుకోండి, మీరు ముగ్గురూ నవంబర్‌లో నాలుగు శనివారాలు తెల్లారుజామున మూడింటికి లేచి వెళ్తారో లేదో తేలిపోతుంది. మావారి పార్ట్‌నర్లు ఇద్దరూ రెండో ఏడే తప్పుకున్నారు.

ఫ్రిస్కో_గుంటూరోడు:

అప్‌డేట్. శుక్రవారం సెలవు పెట్టి క్లార్క్స్‌విల్ వెళ్ళి కౌంటీ క్లర్క్ ఆఫీసులో రెండు గంటలు కూర్చున్నా. ఆ దారికి ఈజ్‌మెంట్ రిజిస్టర్ కాలేదు. ఏజెంటుకి ఫోన్ చేసి వాల్యూమ్, పేజీ అడిగితే "అమ్మేవారిని కనుక్కుని చెప్తా" అన్నాడు, ఇవాళ్టికి నాలుగు రోజులు. అక్కడే పనిచేసే పెద్దావిడ నేను తీసిన మ్యాప్ చూసి, ఆ రాంచ్ ముక్కలు చూడ్డానికి ఈ నెలలో వచ్చిన మూడోవాడివి నువ్వు అంది.

గ్రీన్ కార్డు వాడు ఓక్లహోమా సంగతి విని డల్ అయ్యాడు. సిటిజెన్ వాడేమో లీజుకి రెడీ. హాప్‌కిన్స్ కౌంటీలో ఒక రైతు ముగ్గురికి కలిపి 110 ఎకరాలు ఒక సీజన్‌కి ఇస్తానన్నాడు, తన గేటు, తన కంచె, తన ఆవులు. ఈ శనివారం చూడ్డానికి వెళ్తున్నాం. పెదబాబు అన్నా, ఆ పౌడర్ సీసా ఎక్కడ కొన్నావు? ఇంట్లో ఉన్న బేబీ పౌడర్ సరిపోదా?

పైనీవుడ్స్_పెదబాబు:

బేబీ పౌడర్‌కి వాసన ఉంటుందిరా నాయనా. వాసన లేనిది కొను, మూడు డాలర్లు.